గోడమీద రాయని వాక్యం

పెద్దమ్మ పోయిందని నాకు కాలేజీ గేటు దగ్గర తెలిసింది. రాజమహేంద్రవరంలో ఆమె ఉన్న ఆసుపత్రికీ మా కాలేజీకీ మధ్య రెండే వీధులు. రోజూ ఉదయం అమ్మకి టిఫిన్ బాక్సు ఇచ్చి, ఐసీయూ తలుపు అద్దంలోంచి ఒకసారి లోపలికి చూసి, క్లాసుకి నడిచి వెళ్ళేదాన్ని. ఆ రోజూ చూశాను. మిషను ఊపిరి పోస్తుంటే ఆమె ఛాతీ లేచి పడుతోంది. గేటు దాకా వచ్చేసరికి నాన్న ఫోన్ చేశారు. "వెనక్కి వచ్చెయ్యమ్మా" అన్నారు. ఆ గొంతుతోనే నాకు తెలిసిపోయింది.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు చాలా రోజులు పట్టింది. పెద్దమ్మ గురించి రాయాలంటే నేను చేసిన ఒక పని గురించి కూడా రాయాలి. దాన్ని తప్పించి రెండుసార్లు రాసి చూశాను. రెండుసార్లూ చింపేశాను.

ఆమె మా అమ్మకి అక్క. పిల్లలు లేరు. పెదనాన్న పోయినా నర్సరీ మాత్రం వదల్లేదు. మీలో కడియం వైపు వచ్చినవాళ్ళకి ఆ దారి తెలిసే ఉంటుంది. కాలవ పక్కన రోడ్డు, అటూ ఇటూ ఎకరాలకి ఎకరాలు మొక్కలు, వేరే రాష్ట్రాల నంబర్లున్న లారీలు. ఆ పెద్ద నర్సరీల మధ్య మాది అరెకరం. అందులోనే ఇల్లు. నాన్న మొక్కల లారీతో పాటు బెంగళూరు, పూనా తిరుగుతుంటారు కాబట్టి ఇంట్లో ఎప్పుడూ మేం ముగ్గురం ఆడవాళ్ళమే ఉండేవాళ్ళం.

మామిడికి అంటు కట్టడంలో ఆమె చెయ్యి మంచిదని చుట్టుపక్కల పేరు. పొద్దున్నే ఆకుపచ్చ నీడవల కింద పీట వేసుకుని కూర్చునేది. ఒక పక్కన నాటు మామిడి మొక్కలు, ఇంకో పక్కన తడిగుడ్డలో చుట్టిన బంగినపల్లి పుల్లలు. బ్లేడుతో నాటుమొక్క తల కోసి, నిలువునా చీల్చి, చెక్కిన పుల్లని ఆ చీలికలో దూర్చి, ప్లాస్టిక్ పట్టీ గట్టిగా చుట్టి, మిగిలిన ముక్కని పళ్ళతో తెంపేది. చిన్నప్పుడు నేను అంటు పట్టిందో లేదో చూద్దామని ఒక పట్టీ విప్పబోతే చేతి మీద ఒక్కటి వేసింది. "విప్పి చూస్తే పట్టేది కూడా పట్టదే. కట్టాక నమ్మి వదిలెయ్యాలి."

ఇంటర్లో సైన్సు చదివిన నేను డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. పెద్దమ్మే సర్దిచెప్పింది. "చదవనీవే దాన్ని. ఇన్ని మొక్కలున్నాయి మనకి, ఒక్కదాని పేరన్నా తప్పులేకుండా రాసే మనిషి ఉందా ఈ ఇంట్లో?" అంది. మర్నాడే నాకు ఒక డబ్బా పెయింటు, ఒక కట్ట రేకు ముక్కలు తెచ్చి ఇచ్చింది. నర్సరీలోని మొక్కలన్నింటికీ పేర్లు రాయడం నా పని. నేను రాస్తుంటే పక్కన నిలబడి చూసేది. "అక్షరం గుండ్రంగా రానియ్యి. కొనేవాడికి మొక్క కంటే ముందు పేరు కనపడుద్ది." ఆమె నోటి వెంట వచ్చిన మాటలు నేనొక నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. అది చూసి నవ్వేది. "నేను తిట్టినవి కూడా రాశావా?" అని అడిగేది. రాశాను. ఇప్పటికీ ఉన్నాయి.

షుగరూ బీపీ కలిసి ఆమె కిడ్నీలు రెండింటినీ తినేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఏడాదిన్నర అలా నడిచాక అమ్మ తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. ఇస్తానని చెప్పినప్పుడు పెద్దమ్మ ఒప్పుకోలేదు. అమ్మ కూర తరుగుతూ, తల ఎత్తకుండా, "చిన్నప్పుడు నీ గౌన్లన్నీ నేనే తొడుక్కున్నానుగా అక్కా. ఇన్నాళ్ళకి నాది ఒకటి నువ్వు వాడు" అంది. ఆ ఒక్క మాటకి పెద్దమ్మ ఒప్పుకుంది.

ఆపరేషనయ్యాక మందుల సంగతి డాక్టరుగారు చెబుతుంటే నేను రాసుకున్నాను. పరాయి అవయవం లోపలికి వచ్చిందని ఒంటికి తెలిస్తే దాన్ని తరిమేస్తుంది. తరమకుండా ఉండాలంటే ఒంటి కాపలాని మందులతో నిద్రపుచ్చాలి. బతికినన్నాళ్ళూ నిద్రపుచ్చుతూనే ఉండాలి. ఆ నిద్రలో ఏ దొంగైనా లోపలికి రావచ్చు. అందుకే జాగ్రత్తలు. ఆ జాగ్రత్తలన్నీ ఉన్న కాగితం నా చేతికే ఇచ్చారు. నాన్న బిల్లుల దగ్గర ఉన్నారు, అమ్మ ఇంకో వార్డులో కుట్ల నొప్పితో పడుకుని ఉంది. కాగితం ఇంగ్లీషులో ఉంది. మా ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకే.

ఇంటికి రాగానే దాన్ని తెలుగు చెయ్యడానికి కూర్చున్నాను. నాకు ఎంత ఉత్సాహమో చెప్పలేను. అంతవరకూ మొక్కల పేర్లు రాశాను, ఇప్పుడు ఒక మనిషి ప్రాణానికి పనికొచ్చే మాటలు రాస్తున్నాను. తెల్ల అట్ట మీద నీలం స్కెచ్ పెన్నుతో రాస్తూ, ప్రతి వాక్యం పెద్దమ్మకి చదివి వినిపించాను. మాస్కు లేకుండా బయటికి రాకూడదు. కాచి చల్లార్చిన నీళ్ళే తాగాలి. పచ్చివి తినకూడదు. జలుబు, జ్వరం ఉన్నవాళ్ళని దగ్గరికి రానివ్వకూడదు. ఇల్లు ఊడ్చేటప్పుడు అక్కడ ఉండకూడదు. మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఆమె ఒక్కోదానికీ తల ఊపింది.

"మట్టికి, ఎరువుకి, కుండీ మొక్కలకి దూరంగా ఉండాలి" అని చదివాను.

తల ఊపడం ఆగిపోయింది.

"అది రాయకు."

"అదేంటి పెద్దమ్మా, ఇందులో ఉంది."

"ఉంటే ఉంది. పట్నం వాళ్ళకి రాసుంటారు. పుట్టినకాడి నుంచీ మట్టిలోనే ఉన్నా, అది నన్నేం చేస్తది?" ఆమె గొంతు తగ్గించింది. "మీ అమ్మ సంగతి నీకు తెల్దు. ఇది చూసిందంటే రేపు పొద్దున్నే నర్సరీ మొత్తం ఎత్తించేస్తది. కిడ్నీ ఇచ్చింది చాల్దా? తిండి కూడా నాకోసం వదులుకోవాలా అది? నేను కిందకి దిగనులే. ఒట్టు. నువ్వు మాత్రం అది రాయకు."

నేను రాయలేదు. ఆ వాక్యం ఉండాల్సిన చోట అట్ట ఖాళీగా కనబడకుండా అక్షరాలు కొంచెం ఎడంగా రాశాను. ఆమె గది గోడకి తగిలించాక, చాలా అందంగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు.

మేడ మీద ఒక్కటే గది. అందులో పెట్టాం ఆమెని. దుమ్ము రాకుండా కిటికీ మూసేశాం. తీసినా కనబడేది పక్కవాళ్ళ గోడౌను గోడే. కింద అంత పచ్చదనం ఉన్నా ఆ గదిలోంచి ఒక్క ఆకు కనబడేది కాదు. "తలుపు కాడ నుంచి కిటికీకి పదకొండు అడుగులే. తేడా వస్తదేమోనని రోజూ లెక్కెడతన్నా. రావట్లేదు" అని నవ్వేది. నవ్వేటప్పుడు మాస్కు ముడతలు పడేది.

మా వైపు ఎవరైనా ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే పలకరించడానికి ఊరంతా కదులుతుంది. బత్తాయిలు, బొండాలు పట్టుకుని వస్తారు, మంచం మీదే కూర్చుంటారు, ఒళ్ళు నిమురుతారు. వాళ్ళని మెట్ల దగ్గరే ఆపడం నా ఉద్యోగం. ఎదురింటి అత్తయ్యగారు ఒకరోజు కోపంతో నా మీదికే వచ్చారు.

"ఏంటే, మమ్మల్నే ఆపుతావా? మేమేమన్నా పురుగులమా?"

"కాదండీ, డాక్టరుగారు చెప్పారు..."

"ఆయ్, చెప్పుంటారు. మీ పెద్దమ్మా నేనూ ఒక్క ఆకులో తిన్నాం తెల్సా?"

పై నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది. "వదినా! ఏడుద్దామనొచ్చావా? అక్కడే ఉండి ఏడు, నాకు వినపడుద్ది!" ఆవిడ ఏడవబోయి నవ్వేశారు. బత్తాయిల సంచి మొదటి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ రోజు నేను చాలా మంచి కాపలాదారునని అనుకున్నాను.

రెండో నెలలో పెద్దమ్మ మాటలు తగ్గాయి. అన్నం కంచం సగంలోనే పక్కకి జరిపేది. ఒక సాయంత్రం, "ఒక్క మల్లెమొక్క తెచ్చిపెట్టవే. ముట్టుకోను. ఊరికే చూస్తా" అంది. నేను రాయని వాక్యం నాకు గుర్తొచ్చింది. రాసి ఉంటే గోడకేసి చూపించి వద్దనేదాన్ని. గోడమీద లేనిదాన్ని నా నోటితో చెప్పలేకపోయాను. మొక్క తెచ్చాను. ఆ రాత్రి కంచం ఖాళీ చేసింది.

తరవాత కరివేపాకు వచ్చింది. తరవాత క్రోటన్లు. కొన్నాళ్ళకి గదిలో తొమ్మిది కుండీలయ్యాయి. ముట్టుకోనన్న మనిషి ముట్టుకోకుండా ఎలా ఉంటుంది? కుండీల్లో వేసే ఎండు కొబ్బరిపొట్టు గుప్పెడు తీసుకుని, నలిపి, తడి ఉందో లేదో చూసేది. ఎరువు తక్కువైందని నాతో తెప్పించుకుని తనే కలిపేది. అమ్మ అన్నం తెచ్చినప్పుడు ఆ కుండీలని చూసి సంతోషపడింది. "ఇప్పుడు గదికి కళొచ్చింది. మంచి గాలి కూడాను" అంది. నర్సరీ మనుషులం మేము. మొక్క ఉన్నచోట గాలి మంచిదని మాకెవరూ నేర్పక్కర్లేదు. మనుషులు తెచ్చే రోగానికి మెట్ల దగ్గర కాపలా పెట్టి, మట్టిని మా చేతులతోనే మేడ ఎక్కించాం. పెద్దమ్మ కోలుకుంటుంటే, ఆ వాక్యం రాయకపోవడమే మంచిదైందని నేను లోలోపల గర్వపడ్డాను కూడా.

వానలు మొదలయ్యాక పొడిదగ్గు వచ్చింది. మందులు మార్చి మార్చి వేశారు, తగ్గలేదు. ఊపిరి తీసుకుంటే సన్నగా ఈల వినిపించేది. ఒకరోజు అమ్మ బట్టలు ఉతుకుతూ చేతిరుమాలు మీద రక్తపు చార చూసింది.

రాజమహేంద్రవరంలో, కిడ్నీ మార్చిన ఆసుపత్రిలోనే, ముక్కులోంచి కెమెరా ఉన్న గొట్టం వేసి చూశారు. మర్నాడు డాక్టరమ్మగారు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చిన్న వయసు ఆవిడది. ఏదీ దాచకుండా, భయపెట్టకుండా చెప్పారు.

"బూజండి. రొట్టె మీదా, చెమ్మగోడల మీదా పడుతుంది చూడండి, ఆ జాతిదే. మనందరం రోజూ పీలుస్తూనే ఉంటాం, ఒళ్ళే దాన్ని చంపేస్తుంది. అమ్మగారికి కిడ్నీ కోసమని ఆ బలం తగ్గించాం కదా. అందుకని అది గాలిగొట్టాల గోడల్లోకి దిగింది. లోపల తెల్లగా పొర కట్టింది."

"తెగులన్నమాట" అంది పెద్దమ్మ. "ఆకుకి పడితే మేం మందు కొడతాం. నాక్కూడా కొట్టెయ్యండి డాక్టరుగారూ."

ఆవిడ నవ్వారు. "కొడతామండి. కానీ దానికి మందిస్తూనే కిడ్నీ మందు తగ్గించాలి. లేకపోతే మీ ఒళ్ళు లేచి పోరాడదు."

"తగ్గిస్తే?"

"కిడ్నీ నిలవకపోవచ్చు."

"తగ్గించకపోతే?"

ఆవిడ పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నారు. అంతకంటే జవాబు అక్కర్లేకపోయింది. పెద్దమ్మ తల తిప్పి అమ్మ వైపు చూసింది. "అయితే నన్నడక్కండి. అది నాది కాదు, మా చెల్లిది. దాన్నడగండి."

అమ్మ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. చెయ్యి నడుం పక్కన, కోత ఉన్నచోట ఉంది. "తగ్గించండి" అంది. తరవాత పెద్దమ్మ వైపు తిరిగి, "ఇచ్చేశాక నాదెట్టా అవుద్దే అక్కా? అది పోతే పోద్ది. నువ్వుండు చాలు" అంది.

అప్పుడు డాక్టరమ్మగారు అడిగారు, ఇంట్లో చెమ్మగోడలు, ఎరువు, మొక్కలు లాంటివి ఏమన్నా ఉన్నాయా అని. అమ్మ వెంటనే, "మాది నర్సరీయేనండి. కానీ అక్క ఒక్కరోజు కూడా కిందకి దిగలేదు. మీ కాగితంలో ఉన్నవన్నీ మా అమ్మాయి తెలుగులో రాసి గోడకి పెట్టింది. ఒక్కటి తప్పలేదు" అంది. మళ్ళీ తనే, "గదిలో కుండీలున్నాయండి. అవి వద్దని ఎవరూ చెప్పలేదు మరి" అంది.

నేను నేలచూపులు చూశాను. డాక్టరమ్మగారు ఎవరినీ తప్పుపట్టలేదు. ఇది గాలిలో ఎక్కడైనా ఉంటుందనీ, ఫలానా చోటు నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరనీ అన్నారు. కుండీలు మాత్రం ఇక వద్దన్నారు. ఆ 'చెప్పలేరు' అన్న మాటలో నేను ఇప్పటికీ ఇరుక్కునే ఉన్నాను. నా వల్లేనని తెలిస్తే ఒక రకంగా ఏడ్చేదాన్ని. కాదని తెలిస్తే ఊపిరి పీల్చుకునేదాన్ని. రెండూ లేవు.

అమ్మ మందుల కోసం కిందికెళ్ళినప్పుడు పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. ఆక్సిజన్ మాస్కు కొంచెం పక్కకి లాగింది. "నోరు మెదపకు. నేను లేచాక నేనే చెప్తా దానికి. మాట నాది, నీది కాదు." నాలుగు మాటలకి నాలుగుసార్లు ఆగింది. నేను సరేనన్నాను. మరోసారి సరేనన్నాను.

మందు బాగానే పనిచేస్తోందని కొన్ని రోజులు అన్నారు. తరవాత కిడ్నీ ఆగింది. మళ్ళీ డయాలసిస్. తరవాత గొంతులో గొట్టం వేశారు. ఇక మాట లేదు. ఆమె లేచి చెబుతుందని నేను ఎదురు చూస్తూనే ఉన్నాను. ఆమె చెప్పలేని రోజులు గడిచేకొద్దీ ఆ మాట నా ఒక్కదానిదే అయిపోయింది.

కర్మకాండలు అయ్యాక, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, అమ్మకి చెప్పాను. పెరట్లో గిన్నెలు బోర్లిస్తోంది. నేను చెప్పడం అయ్యేదాకా బోర్లిస్తూనే ఉంది.

"ఆ కాగితం ఉందా?"

నోటుపుస్తకంలోంచి తీసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చింది. "చదువు." చదివాను. "తెలుగులో చెప్పు."

"మట్టికి, ఎరువుకి, కుండీ మొక్కలకి దూరంగా ఉండాలి."

"అప్పుడు ఇంతే చెప్పుంటే సరిపోయేది కదే" అంది. అరవలేదు. చీరకొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత పదిరోజులు అవసరానికి తప్ప నాతో మాట్లాడలేదు. నాకు మాటలంటే ఇష్టమని అందరితో చెప్పుకునేదాన్ని. అవి చెప్పాల్సినప్పుడు చెప్పడానికే కదా ఉన్నాయి. అంత చిన్న సంగతి నాకు ఏ పుస్తకంలోనూ తెలియలేదు.

మొన్న ఆదివారం ద్రాక్షారామం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. గదిలో పెట్టుకునే మొక్క కావాలంది. "మా తమ్ముడికమ్మా. రక్తంలో జబ్బు. హైదరాబాదులో మందులెక్కించి తీసుకొచ్చాం. ఎవర్నీ కలవనివ్వకూడదంట. పొద్దస్తమానం గోడలు చూస్తా కూర్చుంటున్నాడు."

"గదిలో వద్దండి" అన్నాను.

"అదేంటి? అమ్ముకునేవాళ్ళే వద్దంటారా?"

"మట్టి, ఎరువు, కుండీ మొక్కలు అలాంటివాళ్ళ గదిలో ఉండకూడదండి. మీకిచ్చిన కాగితంలో కూడా ఉంటుంది, చూడండి."

"ఉందేమో మరి. మాకేం తెలుస్తది, అంతా ఇంగ్లీషే."

అమ్మ వెనక మొక్కలకి నీళ్ళు పెడుతోంది. పైపు కింద పడేసి వచ్చింది.

"మీ తమ్ముడి మంచం ఏ పక్కనుందమ్మా?"

"కిటికీ పక్కనేనండి."

"అద్దాలున్నాయా?"

"ఉన్నాయండి."

"అయితే అవి తియ్యకండి. నేనో నందివర్ధనం ఇస్తాను, కిటికీకి ఎదురుగా దూరంగా నేలలో నాటండి. ముందు డాక్టరుగారినొకసారి అడిగి నాటండి. లోపలికి మాత్రం ఒక్క ఆకు కూడా తేకండి. అతను అద్దంలోంచి చూస్తాడు."

అమ్మ వెతికి వెతికి గుబురుగా ఉన్న మొక్క తీసింది. మొదలు తడిపి, కవరు చుట్టూ ఇంకో కవరు వేసి కట్టింది. ఆవిడ ఆటో ఎక్కింది. ఆమెకి ఏ జబ్బూ లేదు. అయినా కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ముఖం అటు తిప్పుకుని, మొక్కని చెయ్యి చాపినంత దూరం బయటికి పట్టుకుంది. ఆటో కాలవగట్టు మీద మలుపు తిరిగేదాకా అమ్మా నేనూ పక్కపక్కనే నిలబడి చూశాం. మనిషి కనబడటం ఆగిపోయాక కూడా, చాచిన ఆ చెయ్యీ, దాని చివర గాలికి ఊగుతున్న తెల్లపూలూ కాసేపు కనబడుతూనే ఉన్నాయి.